స్పర్శ పోయినా శరీరం పరాయిది కాదు

బైకు ప్రమాదంలోనో, చెట్టు మీది నుండి పడో వెన్నుపాము దెబ్బతిన్న యువతీయువకులు మన చుట్టూ ఉన్నారు. పరామర్శకు వెళ్ళినప్పుడు మనం సాధారణంగా అడిగేది ఒక్కటే: “మళ్ళీ నడుస్తాడా?” ఆ మాట కూడా తల్లిదండ్రులనే అడుగుతాము, మంచం మీద ఉన్న అతణ్ణి కాదు. అతని మనసులో మాత్రం అంతకంటే లోతైన ప్రశ్న మెదులుతూ ఉంటుంది: ఈ శరీరం ఇంకా నాదేనా?

ఈ సందేహానికి కారణం ఉంది. వెన్నుపాము మెదడుకూ దేహానికీ నడుమ వార్తలు మోసే మార్గం. అది పూర్తిగా దెబ్బతింటే అక్కడి నుండి కిందికి ఆజ్ఞలు వెళ్ళవు, పైకి స్పర్శ రాదు. కాలు కంటికి కనిపిస్తుంది, కాని తనదని లోపలి నుండి తెలియదు. అదే కాలు ఒక్కోసారి తనంతట తానే బిగుసుకుని ఎగిరిపడుతుంది. చూసినవారు నయమవుతోందని సంబరపడతారు. ఆ కదలిక తన ఇచ్ఛతో జరిగింది కాదని అతనికి తెలుసు. అందుకే ఆ సంబరం అతణ్ణి మరింత ఒంటరిని చేస్తుంది.

కాలక్రమంలో చాలామంది తమ శరీరపు కొత్త భాషను నేర్చుకుంటారు. మూత్రాశయం నిండితే కొందరికి ఒళ్ళు గగుర్పొడుస్తుంది, చెమట పడుతుంది. మెడలోనో ఛాతీ పైభాగంలోనో గాయమైనవారికి హఠాత్తుగా తీవ్రమైన తలనొప్పి వస్తే, అది రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతోందనడానికి సూచన కావచ్చు. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి వైద్యసహాయం పొందాలి. నొప్పి తెలియని చర్మం పుండ్లు పడకుండా కుర్చీలో 15 నుండి 30 నిమిషాలకొకసారి బరువు మార్చుకోవాలి, రోజూ అద్దంలో చూసుకోవాలి. ఈ భాషను అందరికంటే బాగా చదవగలిగేది ఆ యువకుడే.

అయినా ప్రేమ పేరుతో మనమే అతని దేహానికి యజమానులమవుతాము. తలుపు వేయకుండా బట్టలు మారుస్తాము. బంధువుల ఎదుటే మూత్రపు సంచి గురించి మాట్లాడతాము. హయా విశ్వాసంలో భాగమని పిల్లలకు నేర్పే మనం, మంచాన పడ్డ బిడ్డకు ఆ హయా ఉండదని ఎలా అనుకున్నాము? ఆడపిల్ల విషయంలోనైతే ఆమె వివాహ ప్రస్తావనే మానేస్తాము. వెన్నుపాము గాయం వల్ల స్త్రీకి గర్భం దాల్చే శక్తి సాధారణంగా పోదని ఎంతమందికి తెలుసు?

వేలూరులో యువ వైద్యురాలు మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదానికి గురై కాళ్ళలో చలనం కోల్పోయారు. ఆ తరువాత చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. 1966లో అక్కడే ప్రారంభమైన పునరావాస కేంద్రానికి ఆమే ప్రాణం పోశారు.

సంచి ఉన్నదనే సంకోచంతో నమాజుకు దూరమయ్యేవారూ ఉన్నారు. నిలబడలేనివాడు కూర్చుని, అదీ సాధ్యం కాకపోతే పక్కకు వాలి నమాజు చేయవచ్చునని దైవప్రవక్త (స) బోధించారు. నీటిని ఉపయోగించలేని స్థితిలో తయమ్ముమ్ ఉంది. శుద్ధికి సంబంధించిన సందేహాలను పండితులను అడిగి తీర్చుకోవచ్చు. లోపం ఉన్న దేహాన్ని ధర్మం ఆరాధన నుండి వెలివేయలేదు. మనమెందుకు జీవితం నుండి వెలివేయాలి?

ఇకపై ఆ గదిలోకి వెళ్ళేముందు తలుపు తట్టుదాము. లేపేముందు “ఎలా పట్టుకోమంటావు?” అని అడుగుదాము. అతను చెప్పినట్లే పట్టుకుందాము.