నిద్ర లేచిన యంత్రము, మరచిన చుట్టరికము

మూసియుంచిన ల్యాప్‌టాపును మరల తెరచినప్పుడు, అంతకుముందు వ్రాయుచుండిన పాఠము చెక్కుచెదరక తెరమీద నిలిచియుండును. ఒక్క అక్షరమైనను చెరగదు. ఏ వాక్యమును సగములో విడిచితిమో ఆ వాక్యము చివరనే సన్నని గీత మినుకుమినుకుమనుచు మనకొరకు కాచుకొనియుండును. కాని తెర మూలనుండు వైఫై గుర్తు మాత్రము వెలవెలబోవుచుండును. ఒక్కొక్కప్పుడు రౌటరు పేరే కనబడదు, కనబడినను కలియదు, కలిసినను ఇంటర్నెట్టు రాదు. ఇన్ని సంగతులు జ్ఞాపకము పెట్టుకొన్న యంత్రము, పది అడుగుల దూరమున నున్న రౌటరుతోడి చుట్టరికమును మాత్రము ఏల మరచినది?

సాధారణముగా మనము దీనికి చెప్పుకొను కారణము ఒక్కటే: "సిగ్నలు లేదు." ఆ మాట అనుకొన్న పిమ్మట చేతికి అందిన మీటలన్నియు నొక్కుదుము; రౌటరు తీగ ఊడబెరికి మరల పెట్టుదుము; పాస్‌వర్డును మార్చుదుము. ఏదో ఒకటి ఫలించి పని జరుగును. కాని ఏది ఫలించినదో తెలియదు. కావున మరునాడు అదే తొందర, అదే తంటా. నిజమునకు ఈ చిక్కులో సిగ్నలు దోషము తక్కువ. రెండు యంత్రముల నడుమ ఉండవలసిన పరిచయము ఎక్కడనో ఒక మెట్టుమీద తెగియుండును. ఆ మెట్టు ఏదో కనిపెట్టుటయే సగము చికిత్స.

ఇది చిన్న విషయమని కొట్టివేయరాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి సీమలోని మూడు ఊళ్లు. 1919లో రవీంద్రనాథ ఠాకూరు "జనగణమన" గీతమును ఆంగ్లములోనికి అనువదించినది మదనపల్లెలోని బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో. పొట్టి ఆవుల జాతికి తన పేరిచ్చిన ఊరు పుంగనూరు. తెలుగు, తమిళము, కన్నడము మూడును వినవచ్చు కుప్పమున 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసెను. ఇట్టి విద్యాస్థానములలో నేడు పాఠము చెప్పువారికి నల్లబల్లతో పాటు ల్యాప్‌టాపు కూడ సాధనమైనది. ఒక ఊర కాపురముండి మరియొక ఊర పనిచేయు ఉపాధ్యాయులు దానిని సంచిలో పెట్టుకొని బస్సెక్కుదురు. 45 నిమిషముల పీరియడులో పదిహేను నిమిషములు వైఫై కొరకు పోయినచో, నష్టపడునది యంత్రము కాదు. ఎదుట కూర్చున్న పిల్లలు.

నిద్రలో జరుగునదేమి?

ల్యాప్‌టాపు మూత మూసినప్పుడు అది ఆరిపోదు, నిద్రించును. తాత్కాలిక స్మృతికి, అనగా ర్యామునకు, సన్నని విద్యుద్ధార మాత్రము అందుచుండును. అందువలననే వ్రాసిన వాక్యము వ్రాసినట్లు నిలుచును. ప్రాసెసరు, తెర మొదలగు తక్కిన అవయవములకు విద్యుత్తు నిలిచిపోవును, లేదా మిక్కిలి తగ్గును. వైఫై కార్డును అంతే. 2015 తరువాత వచ్చిన అనేక ల్యాప్‌టాపులలో మరియొక విధమైన నిద్ర కూడ కలదు. అది కోడి కునుకు వంటిది: యంత్రము పూర్తిగా నిద్రింపక, నడుమ నడుమ కనులు తెరచి చూచుచుండును. బ్యాటరీని మిగుల్చుటకు ఆ కునుకులో కూడ వైఫై కార్డును తగ్గు శక్తిలో నుంచుదురు.

యంత్రము మేల్కొన్న క్షణమున ఆ కార్డును లేపవలసిన బాధ్యత "డ్రైవరు" అను చిన్న ప్రోగ్రాముది. కార్డు లేచుటకు రెండు మూడు క్షణములు ఆలస్యమైనను, డ్రైవరులో లోపమున్నను, కార్డు సగము నిద్రలోనే యుండిపోవును. విండోసు మేల్కొన్నది, కార్డు మేల్కొనలేదు. ఇంటి యజమాని లేచి తలుపు తీసినను ద్వారపాలకుడు గురక పెట్టుచున్నచో వచ్చిన చుట్టమును పిలుచువారెవరు?

ఇక రెండవ పక్షమైన రౌటరు సంగతి. అది ఊరక యుండదు. తనతో కలిసిన యంత్రములన్నిటికిని ఉమ్మడిగా ఇచ్చిన రహస్యపు తాళపుచెవిని అప్పుడప్పుడు మార్చుచుండును. చిరకాలము పలుకని యంత్రమును తన పట్టికనుండి కొట్టివేయును. ల్యాప్‌టాపు మాత్రము నిద్రకు ముందటి మాటనే పట్టుకొని లేచును. తాను ఇంకను చుట్టమే ననుకొనును. అవతలివాడు "నీవెవరు?" అనును. పెక్కు యంత్రములు వెంటనే మరల పరిచయము చేసికొనును; కొన్ని తడబడును. ఆ తడబాటే మన చిక్కు.

పరిచయమునకు నాలుగు మెట్లు

వైఫై విధానమునకు మొదటి ప్రమాణము 1997లో వెలువడెను. ఆ పేరు 1999లో వాడుకకు వచ్చెను. నాటినుండి నేటివరకు వేగము ఎంతో పెరిగినది గాని, రెండు యంత్రములు పరిచయము చేసికొను తీరు ముఖ్యాంశములలో మారలేదు. దానిని నాలుగు మెట్లుగా చెప్పుకొనవచ్చును.

మొదటిది, ల్యాప్‌టాపులోని కార్డు మేల్కొనుట. రెండవది, రౌటరు పేరు వినుట. రౌటరు సాధారణముగా క్షణమునకు పది పర్యాయములు తన పేరును చాటుచుండును. మేల్కొన్న కార్డు దానిని విని పట్టికలో చూపును. మూడవది, పాస్‌వర్డును నిరూపించుట. ఇక్కడ పాస్‌వర్డు గాలిలో పోదు. ఇరుపక్షములును నాలుగు సందేశములు మార్చుకొని, రహస్యము ఇరువురికిని తెలియునని ఋజువు చేసికొనును. నాలుగవది, చిరునామా పొందుట. రౌటరు ప్రతి యంత్రమునకు ఒక అంకెల చిరునామాను కొన్ని గంటలకో, ఒక దినమునకో అద్దెకిచ్చును. ఈ నాలుగును దాటిన పిమ్మట గాని వెలుపలి ప్రపంచము అందదు.

మన ఊళ్ల తీరు

ఈ శాస్త్రము ఎక్కడనైన ఒక్కటే. కాని మన ఊళ్ల జీవనము వలన ఈ చిక్కు మూడు విశేష రూపములు ధరించును.

మొదటిది ప్రయాణము. మదనపల్లెలో ఇంటి వైఫైతో పనిచేయుచు మూత మూసిన ల్యాప్‌టాపు పుంగనూరు పాఠశాలలో కన్ను తెరచును. దాని మనస్సులో ఇంటి రౌటరు ఇచ్చిన చిరునామాయే మెదలుచుండును. ఇక్కడి రౌటరు వేరు, దాని చిరునామాల వరుస వేరు. పెక్కుసార్లు యంత్రము తానే సర్దుకొనును. సర్దుకొననప్పుడు "కలిసినది, ఇంటర్నెట్టు లేదు" అను విచిత్రస్థితి ఏర్పడును. కళాశాలలలో ప్రవేశమునకు వేరుగా పేరు, సంకేతపదము అడుగు పుట ఉన్నచో, నిద్ర లేచిన తరువాత ఆ పుటను మరల తెరచి నింపవలసి యుండవచ్చును.

రెండవది ఫోను హాట్‌స్పాట్. రౌటరు లేని తరగతిలో ఉపాధ్యాయుడు తన ఫోనునే రౌటరుగా వాడుకొనును. ల్యాప్‌టాపు నిద్రించినంతనే ఫోను తనతో కలిసినవారెవరును లేరని గ్రహించును. బ్యాటరీ మిగుల్చుటకై కొన్ని నిమిషములలో హాట్‌స్పాట్‌ను తానే ఆపివేయును. ల్యాప్‌టాపు లేచి వెదకునప్పటికి ఆ పేరే గాలిలో ఉండదు. ఇక్కడ ల్యాప్‌టాపును ఎంత శిక్షించినను ఫలము లేదు. ఫోనును చేతికి తీసికొని హాట్‌స్పాట్‌ను మరల తెరచిన చాలును. తానే ఆరిపోవు ఏర్పాటును ఫోను సెట్టింగులలో మాన్పించిన మరియు మేలు.

మూడవది కరెంటు కోత. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాపు బ్యాటరీ మీద హాయిగా నిద్రించుచుండును. రౌటరు చచ్చి మరల పుట్టును. పుట్టిన రౌటరు వేరొక చానలును ఎన్నుకొనవచ్చును. పూర్వపు పట్టిక దాని వద్ద లేకపోవచ్చును. పైగా అది పూర్తిగా లేచుటకు రెండు మూడు నిమిషములు పట్టును. ఆ లోపల మనము తొందరపడి ల్యాప్‌టాపు సెట్టింగులు మార్చినచో, లేని రోగమునకు మందు వేసినట్లగును.

ఏ మెట్టు విరిగినది?

కావున ముందుగా చేయవలసినది పరీక్ష, మార్పు తరువాత. ప్రక్కనున్న ఫోను అదే వైఫైతో పనిచేయుచున్నదా? లేనిచో దోషము రౌటరుదో, వెలుపలి లైనుదో. పనిచేయుచున్నచో దోషము ల్యాప్‌టాపుది. ఈ ఒక్క ప్రశ్నతో సగము వెదకులాట తీరిపోవును. ఫోను తన మొబైలు డేటాతో నడచుచు మనలను మోసగింపకుండ, పరీక్షకు ముందు ఆ డేటాను ఆపవలెను.

ల్యాప్‌టాపులో వైఫై మీటయే కనబడకున్నను, ఊరిలోని ఏ పేరును కనబడకున్నను మొదటి మెట్టు విరిగినది, కార్డు లేవలేదు. మొదట విమానపు గుర్తుగల ఏరోప్లేన్ మోడ్ పొరపాటున నొక్కబడినదేమో చూడవలెను. కానిచో డివైస్ మేనేజరులో వైఫై కార్డును ఒకసారి ఆపి మరల నడిపింపవలెను. అదియు కాదన్నచో యంత్రమును "రీస్టార్ట్" చేయవలెను. ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. 2012లో వచ్చిన విండోసు 8 మొదలు, "షట్‌డౌన్" చేసినను విండోసు తన అంతర్భాగమును డిస్కులో దాచుకొని మరునాడు దానినే తిరిగి తెచ్చుకొనవచ్చును. త్వరగా తెరచుకొనుటకు చేసిన ఏర్పాటిది. అందువలన తడబడిన డ్రైవరు తడబడినట్లే తిరిగివచ్చును. రీస్టార్ట్ చేసినచో అంతయు క్రొత్తగా ప్రారంభమగును. "ఆపి తెరచితిని, అయినను రాలేదు" అనువారికి ఇదే సమాధానము.

ఇట్లు కార్డు లేవకపోవుట తరచుగా జరుగుచున్నచో, డివైస్ మేనేజరులో ఆ కార్డు లక్షణములు తెరచి పవర్ మేనేజ్‌మెంట్ అను భాగమును చూడవలెను. విద్యుత్తు మిగుల్చుటకు ఈ పరికరమును కంప్యూటరు ఆపవచ్చునా అని అడుగు గడి అచట ఉన్నచో, దానిలోని టిక్కును తీసివేయవలెను. బ్యాటరీ కొంచెము ఎక్కువ ఖర్చగును. కార్డు మాత్రము పిలిచిన పలుకును. ఆ గడి కొన్ని క్రొత్త యంత్రములలో కనబడదు. అప్పుడు ల్యాప్‌టాపు తయారుచేసినవారి వద్దనుండి క్రొత్త డ్రైవరును తెచ్చుకొనవలెను. క్రొత్త డ్రైవరు వచ్చిన నాటినుండియే చిక్కు ఆరంభమైనచో, వెనుకటి డ్రైవరునకు మరలవలెను.

ఇరుగుపొరుగు పేర్లు కనబడి మన పేరు మాత్రము కనబడనిచో రెండవ మెట్టు విరిగినది. రౌటరును గాని, హాట్‌స్పాట్‌ను గాని చూడవలెను. రెండు మూడు నిమిషములు ఓపిక పట్టవలెను. పేరు కనబడి కలియనిచో మూడవ మెట్టు. ఆ పేరును "ఫర్గెట్" చేసి, పాస్‌వర్డును మరల వ్రాసి కలుపవలెను. పాత చుట్టరికమును చెరిపి క్రొత్తగా పరిచయము చేయుటయే ఇది. కలిసినను ఇంటర్నెట్టు రానిచో నాలుగవ మెట్టు. ల్యాప్‌టాపు చిరునామా 169.254 అను అంకెలతో ఆరంభమైనచో, రౌటరు చిరునామా ఇయ్యలేదనియు, యంత్రము తానే ఒకటి కల్పించుకొన్నదనియు గ్రహింపవలెను. వైఫైని ఆపి మరల తెరచిన తరచుగా సరియగును.

కుప్పము చెప్పు పాఠము

ఇన్ని వివరములు ఉపాధ్యాయునకేల, మెకానిక్కు లేడా యని కొందరు అడుగవచ్చును. దీనికి కుప్పము చరిత్రలోనే ఒక సమాధానమున్నది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్రప్రభుత్వముతో కలిసి కుప్పము ప్రాంతమున "ఐ-కమ్యూనిటీ" అను మూడేండ్ల కార్యక్రమమును ఆరంభించెను. పల్లెలవారికి సమాచార కేంద్రములు ఏర్పడెను. స్వయంసహాయక సంఘముల స్త్రీలు కొందరు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, సౌరశక్తితో నిండు బ్యాటరీ చేతబట్టి ఛాయాచిత్రములు తీయుట నేర్చి, దానితో సంపాదించిరి. నాటికి మన దేశమున వైఫై వాడు 2.4 గిగాహెర్ట్జు తరంగములు లైసెన్సు నుండి పూర్తిగా విముక్తి పొందలేదు. ఆ స్వేచ్ఛ 2005లో లభించెను. అట్టి కాలమున ఆ స్త్రీలకు యంత్రము ఫలించుటకు కారణము, యంత్రముతో పాటు దానిని నడుపు నేర్పు కూడ వారి చేతికి వచ్చుటయే. యంత్రము నిచ్చి నేర్పు నియ్యనిచో, అది అలమరలోని బొమ్మయై మిగులును.

పాఠశాలలో ఈ నేర్పు సంపాదించుటకు డబ్బు అక్కరలేదు. ఒక నోటుపుస్తకము చాలును. వైఫై తెగిన ప్రతిసారి తేదీ, తెగిన మెట్టు, చేసిన ఒక్క మార్పు, దాని ఫలితము నాలుగు గడులలో వ్రాయవలెను. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయుట ఇందలి నియమము. రెండు మార్పులు ఒకేమారు చేసినచో ఏది రోగము కుదిర్చినదో తెలియదు. ఈ పుస్తకమును ఉన్నత తరగతుల విద్యార్థులకు అప్పగింపవచ్చును. నెల తిరుగునప్పటికి ఆ యంత్రము ప్రతిసారియు ఏ మెట్టుమీద తడబడుచున్నదో వారే చెప్పగలుగుదురు. ప్రయోగశాలలో "ఒక అంశమును మార్చి తక్కినవానిని స్థిరముగా నుంచుము" అని మనము చెప్పు సూత్రము అప్పుడు వారికి పుస్తకములోని మాటగా మిగులదు. కంటితో చూచిన సత్యమగును.

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, ముందే ఒక నిర్ణయమునకు వచ్చి చూచువాడు ఉన్నదానిని చూడలేడని జీవితాంతము బోధించెను. ఆయన చెప్పినది మనస్సును గురించి. వెలవెలబోయిన వైఫై గుర్తు ఎదుట "సిగ్నలు లేదు" అని తీర్పు చెప్పబోవువాడు కూడ ఆ మాటను ఒక్క క్షణము తలచుకొనుట మంచిది. ముందు చూడవలెను, పిమ్మట మీట నొక్కవలెను. అట్లు చేసినచో పోయిన పదిహేను నిమిషములలో పది నిమిషములైనను మరల పిల్లల పాలగును.