సరిహద్దు దాటే సరుకు, సముద్రం దాటి వచ్చే పెట్టుబడి: దరియాలతిప్ప వ్యాపారులు తెలుసుకోవలసిన చట్ట విషయాలు

దరియాలతిప్ప పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని యానాంకు చెందినది. గౌతమీ గోదావరికి ఆవలి గట్టున ఉన్న ఎదుర్లంక, ఉత్తరాన ఉన్న తాళ్లరేవు ఆంధ్రప్రదేశ్‌లోనివి. ఇరువైపులా భాష ఒక్కటే, బంధుత్వాలూ కలిసే ఉన్నాయి. సరుకు సరిహద్దు దాటగానే మాత్రం చట్టం దానిని అంతర్రాష్ట్ర వ్యాపారంగా పరిగణిస్తుంది. 1954 వరకు ఫ్రెంచి పాలన సాగినందున యానాంలోని కొన్ని కుటుంబాలకు ఫ్రాన్సులో బంధువులున్నారు. వారు పంపే పెట్టుబడికి వర్తించే నియమాలు వేరు. ఈ రెండు విషయాలను దరియాలతిప్పలో రొయ్యల పచ్చడి తయారుచేసే ఒక చిన్న సంస్థను ఊహించుకొని పరిశీలించవచ్చు.

బిల్లు, పన్ను

సరుకులు మాత్రమే అమ్మే వ్యాపారి వార్షిక టర్నోవరు 40 లక్షల రూపాయలు దాటే వరకు ఆంధ్రప్రదేశ్‌లో జీఎస్టీ నమోదు అక్కరలేదు. పుదుచ్చేరిలో ఆ పరిమితి 20 లక్షలు. అయితే పచ్చడి సీసాలను తాళ్లరేవులోని దుకాణానికి పంపినప్పుడు ఈ పరిమితి వర్తించదు. కేంద్ర జీఎస్టీ చట్టం 24వ సెక్షను ప్రకారం, పన్ను పడే సరుకును మరో రాష్ట్రానికి సరఫరా చేసేవారు టర్నోవరు ఎంత తక్కువైనా నమోదు చేసుకోవాలి. చేతివృత్తుల ఉత్పత్తులు కొన్నింటికి మాత్రం మినహాయింపు ఉంది. అంతర్రాష్ట్ర సరఫరా బిల్లులో ఐజీఎస్టీ చూపాలి. ఇటువంటి సరఫరా చేసేవారికి కాంపోజిషన్ పథకం లభించదు. స్థానిక అమ్మకంగా భావించి పన్ను కట్టినట్లయితే, ఐజీఎస్టీని మళ్లీ చెల్లించి, మొదట కట్టిన మొత్తాన్ని వాపసు కోరవలసి వస్తుంది. అంతవరకు చిన్న వ్యాపారి మూలధనం నిలిచిపోతుంది.

తాజా చేపలు, రొయ్యలపై పన్ను లేదు. అవి మాత్రమే అమ్మేవారికి, వాటిని కాకినాడకు పంపినా, నమోదు అవసరం లేదు.

రావలసిన బాకీ

యానాంపై మద్రాసు హైకోర్టుకు, తాళ్లరేవుపై ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు అధికారం ఉంది. కనుక వివాదం వస్తే ఏ ఊరి కోర్టును ఆశ్రయించాలో ఒప్పందంలోనే రాసుకోవడం మేలు. వివాదంపై చట్టరీత్యా అధికారం గల కోర్టులలో ఒకదానిని ఉభయులూ ఎంచుకోవచ్చు. ఏ అధికారమూ లేని కోర్టుకు ఒప్పందం ద్వారా అధికారం కల్పించడం సాధ్యం కాదు.

తయారీదారుకు మరొక రక్షణ ఉంది. ఉద్యమ్ నమోదు గల సూక్ష్మ, చిన్న సంస్థకు కొనుగోలుదారు 45 రోజులకు మించకుండా డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం నిర్దేశించింది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ పడుతుంది. కొనుగోలుదారు దేశంలో ఎక్కడున్నా, సరఫరాదారు ఉన్న ప్రాంతపు ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే ఫిర్యాదు చేయవచ్చు. అందువల్ల మొదటి సరుకు పంపకముందే ఉద్యమ్ నమోదు పూర్తిచేసుకోవడం క్షేమం.

ఖాతాలో జమచేసిన చెక్కు చెల్లకపోతే, డబ్బు రావలసినవారి ఖాతా ఉన్న బ్యాంకు శాఖ ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే కేసు వేయాలి. ఇది 2015 సవరణ కల్పించిన సౌకర్యం. బ్యాంకు సమాచారం అందిన 30 రోజులలో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజులలో చెల్లింపు జరగకపోతే, ఆ తరువాత ఒక నెలలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి.

విదేశంలోని బంధువు భాగస్వామి అయితే

ఫ్రాన్సులో ఉన్న బంధువు పచ్చడి సంస్థలో పెట్టుబడి పెట్టదలిస్తే, ముందుగా ఆయన పౌరసత్వాన్ని నిర్ధారించుకోవాలి. విదేశంలో నివసిస్తున్న భారత పౌరుడు గాని, ఓసీఐ కార్డు గల విదేశీ పౌరుడు గాని భాగస్వామ్య సంస్థలో పెట్టుబడి పెట్టవచ్చు. సొమ్ము బ్యాంకు ద్వారానే రావాలి. పెట్టుబడిని ఉపసంహరించుకున్నప్పుడు ఆ మొత్తం ఎన్‌ఆర్‌ఓ ఖాతాకు చేరుతుంది. వ్యవసాయం, ప్లాంటేషన్, స్థిరాస్తి వ్యాపారం, ముద్రణా మాధ్యమ రంగాల సంస్థలకు ఈ అవకాశం లేదు. ఓసీఐ కార్డు లేని విదేశీ పౌరుడు రిజర్వు బ్యాంకు అనుమతి పొందాలి.

సంస్థ కోసం స్థలం కొనేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డుదారులు ఇల్లు, దుకాణం వంటివి కొనవచ్చును గాని, వ్యవసాయ భూమి, తోటలు, ఫాంహౌస్ కొనరాదు.

భాగస్వాముల మధ్య విభేదాలు వస్తే, ఫ్రెంచి కోర్టు డిక్రీని ఇక్కడ నేరుగా అమలు చేయించుకోవడం కుదరదు. ఫ్రాన్సు సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షను కింద గుర్తింపు పొందిన దేశం కాదు. ఆ తీర్పు ఆధారంగా ఇక్కడ కొత్త దావా వేయాలి. ఫ్రాన్సులో వెలువడిన ఆర్బిట్రేషన్ తీర్పును మాత్రం న్యూయార్క్ ఒడంబడిక మేరకు ఇక్కడి కోర్టు ద్వారా అమలు కోరవచ్చు. కనుక భాగస్వామ్య పత్రంలో ఆర్బిట్రేషన్ షరతు చేర్చడం ప్రయోజనకరం. ఆ సంస్థను రిజిస్టరు చేయించడం కూడా ముఖ్యం. రిజిస్టరు కాని భాగస్వామ్య సంస్థ ఒప్పందపు హక్కులపై ఇతరుల మీద దావా వేయజాలదు.

సరుకుగాని సొమ్ముగాని చేతులు మారకముందే బిల్లులో పన్ను రకం, చెల్లింపు గడువు, వివాద పరిష్కార స్థలం, భాగస్వామి పౌరసత్వ స్థితి అనే నాలుగు అంశాలను పత్రాలలో సరిచూసుకోవాలి. పరిమితులు కాలానుగుణంగా మారుతుంటాయి గనుక ఆనాటి నిబంధనను నిర్ధారించుకోవాలి. న్యాయ సలహా రుసుము భరించలేమని వెనుకాడే మహిళా వ్యాపారులు 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయానికి అర్హులు.