తీరము దాటిన పిమ్మట

బంగాళాఖాతమున అల్పపీడన మేర్పడినదను వార్త వెలువడినది మొదలు, అది వాయుగుండమై, తుపానై, తీరమును సమీపించునంత వఱకు పత్రికలును టీవీలును దానిని వెన్నాడుచునే యుండును. ఎన్ని కిలోమీటర్ల దూరమున నున్నది, ఎంత వేగముతో కదలుచున్నది, ఏ యూరికిని ఏ యూరికిని నడుమ తీరము దాటనున్నది అను ప్రశ్నలే రెండుమూడు దినములు జనుల నోళ్ల నానుచుండును. తీరము దాటినదని వాతావరణశాఖ ప్రకటించినంతనే, గండము గడచినదనుకొని అందఱును ఊపిరి పీల్చుకొని తమ తమ పనులకు మఱలుదురు. సరిగా ఆ వేళకే నిదుర మానుకొని కూర్చుండువారు కొందఱు గలరు. వారు వాతావరణశాఖలో ఉద్యోగులు కారు. కొందఱు కంప్యూటరు ఇంజినీర్లు, కొందఱు ఉపాధ్యాయులు, కొందఱు కళాశాల విద్యార్థులు, కొందఱు రైతులు. అరగంట కొకటి చొప్పున వచ్చు ఇన్సాట్ ఉపగ్రహ చిత్రములను, చెన్నై, శ్రీహరికోట, మచిలీపట్నము రాడారుల చిత్రములను, మండల మండలమునందలి వర్షమాపకములు తెలుపు అంకెలను ముందు పెట్టుకొని, సుడి ఎటు పోయినది, మేఘము ఎచ్చట నిలిచినది, ఏ కొండపై ఎంత నీరు పడినది, ఆ నీరు ఏ వంకగుండ ఏ యేటికి వచ్చుచున్నది అని ఎడతెగక విచారించు ఈ వాతావరణాభిమానుల శ్రమ యెంత విలువైనదో తెలియవలెనన్న రాజంపేటను చూడవలెను.

రాజంపేటకు తూర్పున సముద్రము సుమారు నూఱు కిలోమీటర్ల దూరమున నున్నది. నడుమ వెలికొండలు అడ్డుగా నున్నవి. పడమటను దక్షిణమునను పాలకొండలు, శేషాచలము. సంవత్సరమంతటికిని సుమారు 700 మిల్లీమీటర్ల వర్షము పడు కడప సీమలో, ఏళ్ల తరబడి ఇసుకపాయగానే కనబడు చెయ్యేటి ఒడ్డున నివసించువారికి తుపాను అన్నది కోస్తావారి కష్టము. అన్నమాచార్యుడు పుట్టిన తాళ్లపాక యిచ్చటికి సమీపముననే యున్నది. అందువలననే చెయ్యేటిపై కట్టిన జలాశయమునకు అన్నమయ్య ప్రాజెక్టని పేరు వచ్చినది. 1976లో పనులారంభమై, ఇరువదియైదేండ్లకు గాని పూర్తికాని ఆ ప్రాజెక్టుకై ఈ ప్రాంతమువారు ఎంత ఎదురుచూచిరో, నీటి కఱవెఱిగినవారికే తెలియును.

2021 నవంబరు 19వ తేదీ, కార్తిక పౌర్ణమినాడు, తెల్లవాఱుజామున మూడు నాలుగు గంటల నడుమ, చెన్నైకి సమీపమున ఒక వాయుగుండము తీరము దాటెను. రాజంపేట అచ్చటికి సుమారు 170 కిలోమీటర్ల దూరము. ఆ తెల్లవాఱి వేళనే అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, పులపత్తూరు, తొగూరుపేట, మందపల్లె, గుండ్లూరు మొదలైన గ్రామములపై చెయ్యేరు విరుచుకొని పడెను. సరిగా నలువదినాలుగేండ్లకు ముందు, 1977లో, అదే నవంబరు 19వ తేదీననే దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలకొలది జనులను పొట్టన బెట్టుకొన్నది. దివిసీమను ముంచినది సముద్రము. చెయ్యేటి పల్లెలను ముంచినది కొండలపై కురిసిన వాన.

ఇచ్చట పాఠకులు గుర్తింపవలసిన విషయమొకటి యున్నది. నాడు తీరము దాటినది తుపాను కాదు. దానికి పేరైనను లేదు. గాలి వేగము గంటకు 31 కిలోమీటర్లు మొదలు 49 కిలోమీటర్ల వఱకు ఉన్నచో వాయుగుండమనియు, 50 నుండి 61 వఱకు తీవ్రవాయుగుండమనియు, 62 కిలోమీటర్లు చేరిన పిమ్మటనే తుపాననియు మన వాతావరణశాఖ వ్యవహరించును. పేరు పెట్టుట తుపాను స్థాయికి వచ్చినప్పుడే. అనగా ఈ తరగతులన్నియు గాలినిబట్టి యేర్పడినవే గాని వానను బట్టి యేర్పడినవి కావు. హుద్‌హుద్ వంటి పేరు చెవిని బడినప్పుడు కలుగు జాగ్రత్త, 'వాయుగుండ' మన్న మాట వినునప్పుడు కలుగదు. వాతావరణాభిమానులు తమ అనుచరులకు పదే పదే చెప్పుచుండునది ఇదియే: పేరును చూచి భయపడకుడు, పేరు లేదని ఏమరకుడు, తడిగాలి ఎటు వీచుచున్నదో చూడుడు.

ఆ తడిగాలి నడకయే రాజంపేట కొంప ముంచినది. మన అర్ధగోళమున సుడిగాలి గడియారపు ముల్లునకు ఎదురుదిశలో తిరుగును గనుక, కేంద్రము చెన్నైకి తూర్పున సముద్రముపై నున్నప్పుడే, దానికి ఉత్తరభాగమున వీచు తూర్పుగాలులు బంగాళాఖాతపు నీటియావిరిని మోసికొని నెల్లూరు, చిత్తూరు, కడప సీమల మీదికి వచ్చినవి. అట్టి గాలికి కొండ ఎదురైనచో పైకెగయక తప్పదు; ఎగసినకొలది చల్లబడును; చల్లబడినకొలది మోసికొని వచ్చిన నీటిని అచ్చటనే దింపును. కావున 18వ తేదీననే, సుడి యింకను తీరమునకు రాకముందే, తిరుమల కొండలపైనను, వాని కీవలను వాన కుంభవృష్టియైనది. తీరమును దాటునది కేంద్రబిందువు మాత్రమే. వాన దానికి ముందు వందల కిలోమీటర్లు నడచుచుండును, దాని వెనుకను కొన్ని దినములు మిగిలియుండును. పటముపై గీసిన గీతను నమ్మి, ఆ గీతకు దూరముగా నున్నామని గుండె దిటవు చేసికొనుట ఎంత ప్రమాదకరమో గదా!

వాన నీరు ఏరగుట యెట్లో ఒక చిన్న లెక్కచే తెలిసికొనవచ్చును. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడినచో అది ఒక లీటరు నీరు. ఆ లెక్కన 100 మిల్లీమీటర్ల వాన ఇంచుమించు 283 చదరపు కిలోమీటర్ల మేర పడినచో, అది యంతయు ఒక టీఎంసీ. నేల అప్పటికే నాని యున్నచో ఇంకుట స్వల్పము. ఆ నవంబరులో తెఱపి లేని ముసురులతో చెఱువులన్నియు నిండి, వంకలన్నియు పాఱుచునే యున్నవి. బాహుదా, పింఛా నదులు కలిసి చెయ్యేరైన పిమ్మట, ఆ నీరు నిలువవలసిన అన్నమయ్య జలాశయము పట్టునది సుమారు 2.24 టీఎంసీలు మాత్రమే. ఎగువన సుండుపల్లె వద్దనున్న పింఛా ప్రాజెక్టు పట్టునది 0.32 టీఎంసీ. 18వ తేదీ రాత్రి పింఛా కట్ట తెగెను. తెల్లవాఱుసరికి అన్నమయ్య ప్రాజెక్టునకు వచ్చిన వరద సుమారు 3 లక్షల 20 వేల క్యూసెక్కులని ప్రభుత్వపు అంచనా. దాని గేట్లనుండి విడువగలిగినది 2 లక్షల 17 వేలు. ఉన్న ఐదు గేట్లలో ఒకటి తెఱచుకొనలేదు. ఆ వరద ఆ వేగముతోనే వచ్చుచు, గేట్లేవియు తెఱవనిచో, పూర్తిగా ఎండిన జలాశయమైనను రెండు గంటలకు లోపుగనే నిండిపోవును. నిండియున్న జలాశయము మాట వేఱుగ చెప్పనేల? నీరు మట్టికట్ట మీదుగా పొంగి పాఱినప్పుడు, మొదట దిగువ వాలునందలి మట్టి జాఱును, అటుపై గండి పడును, గండి పడిన పిమ్మట దానిని ఆపుట మానవశక్తికి మించిన పని.

ఆ ఉదయమున ముప్పదిమందికి పైగా ప్రాణములు పోయినవి. నందలూరు వద్ద ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకొనగా, కొందఱు ప్రయాణికులు బస్సులపైకెక్కి ప్రాణములు దక్కించుకొనిరి, కొందఱు దక్కించుకొనలేకపోయిరి. నందలూరునకును రాజంపేటకును నడుమ రైలుపట్టాల క్రింది మట్టి కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడినవి. నీరు తీసిన పిమ్మట పొలములలో మిగిలినది ఇసుక. అరటితోట యుండిన చోట మొదళ్లు కానరాక, చెట్టు నడుమునకు ఇసుక మేట వేసి, బోరు గొట్టపు కొన మాత్రము పైకి తేలియుండుటను తలచుకొనుడు. మేట తీయనిదే నాగలి దిగదు, మేట తీయుటకు పంటపై వచ్చు సొమ్ము చాలదు. గోడలపై నీరు నిలిచిన గుర్తు బురదచారగా మిగిలి, వరద ఎంత ఎత్తునకు వచ్చినదో ఏ కొలపుల్ల అవసరము లేకయే చెప్పుచుండెను. వరద పోయిన పిమ్మట వచ్చిన వాతావరణాభిమానులు ఫోటో తీసి, తేదీ వేసి, చోటు వ్రాసి భద్రపఱచునవి ఇట్టి బురదగుర్తులనే. రేపొకనాడు వరద ఎంతవఱకు రాగలదో లెక్క గట్టు ఇంజినీరునకు అంతకంటె ప్రామాణికమైన సాక్ష్యము దొరకదు.

సుడి బలహీనపడి రాయలసీమ మీద మేఘముల గుంపుగా మిగిలినను, నీటి ప్రయాణము ముగియలేదు. చెయ్యేరు పెన్నలో కలిసెను. సోమశిలకు ఐదు లక్షల క్యూసెక్కులకు పైబడిన వరద వచ్చెను. నెల్లూరు వద్ద పెన్న పొంగి, కోవూరు సమీపమున చెన్నై కలకత్తా జాతీయరహదారి తెగిపోయెను, పడుగుపాడు వద్ద రైలుమార్గము కొట్టుకొనిపోయెను. కమలాపురము వద్ద పాపఘ్నిపై వంతెన కూలెను. తిరుపతికి సమీపమున విజయనగర రాజుల నాటి రాయలచెఱువు కట్ట నుండి నీరు కాఱుటచే, దిగువ గ్రామములవారిని ఇండ్లు ఖాళీ చేయించి పంపవలసివచ్చెను. ఇవన్నియు వాయుగుండము తీరము దాటిన నాడును, దాని తరువాతి రెండుమూడు దినములలోను జరిగినవి. తీరము దాటుటతోనే టీవీ కట్టివేసినవానికి ఈ కథలో పెద్దభాగము తెలియనే తెలియదు.

గడచిన తుపానును వెనుదిరిగి పరిశీలించు ఈ యలవాటు నిన్నమొన్నటిది కాదు. దాని మూలములలో నొకటి మన తీరముననే యున్నది. 1839 నవంబరులో కోరంగిని సముద్రము ముంచెత్తిన పిమ్మట, కలకత్తాయందలి హెన్రీ పిడ్డింగ్టన్ అను నతడు ఆ తుపానులో చిక్కిన ఓడల నాయకులు వ్రాసికొన్న దినచర్యలను కూడబెట్టి, ఏ ఓడకు ఏ వేళ ఏ దిక్కునుండి గాలి వచ్చినదో పటముపై గుర్తించి, గాలి గుండ్రముగా తిరుగుచున్నదని నిరూపింప యత్నించెను. 1848లో అచ్చయిన తన గ్రంథమున సైక్లోను అను పేరును ప్రపంచమునకిచ్చినవాడతడే. ఆ కాలముననే విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు అను జమీందారు సొంత ధనముతో 1840 ప్రాంతమున వేధశాలను నెలకొల్పెను. అతని పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగమును సైతము వదలుకొని, ఆ వేధశాలను నడపుచు వాయుపీడనమును, ఉష్ణమును, వర్షమును ఎడతెగక నమోదు చేయించెను. భారత వాతావరణశాఖ పుట్టినది 1875లో. అనగా తెలుగునాట ఆకాశమును చూచి వ్రాసికొను అభిమాని ప్రభుత్వశాఖకంటె పెద్దవాడు. నేడు ఆ పరంపరను నిలుపుచున్నవారిలో తిరుపతికి చెందిన సాయి ప్రణీత్ ఒకడు. బెంగుళూరున కంప్యూటరు ఇంజినీరుగా పని చేయుచు, వాతావరణ సమాచారమును సేకరించి రైతులకు తెలుగున తెలుపుచున్న అతనిని 2021 జూలైలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగమున ప్రస్తావించిరి. ఆ ప్రసంగమునకు నాలుగు నెలలకే చెయ్యేటికి వరద వచ్చినది.

తీరమునకు దూరమున నుండియు మునుగు ఈ గతి మన ఒక్కరిదే కాదు. 2024 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి అమెరికాలో ఫ్లోరిడా తీరము దాటిన హెలీన్ అను హరికేను, మఱునాడు వందల కిలోమీటర్ల లోపలనున్న ఉత్తర కరొలైనా కొండలలో ఆష్‌విల్ పరిసరములను వరదలో ముంచెను. సముద్రమును చూడనైన చూడని కొండపల్లెలు కొట్టుకొనిపోయినవి. అంతకు పూర్వము 1997 జూలైలో, కొలరాడో రాష్ట్రమున ఫోర్ట్ కాలిన్స్ అను పట్టణమునకు ఆకస్మికముగా వరద వచ్చినప్పుడు, పట్టణమున నొక కొసకును మఱియొక కొసకును వానలో ఎంతయో భేదమున్నదని తరువాత గాని తెలియలేదు. ఆ అనుభవమునుండి 1998లో ఒక స్వచ్ఛంద వర్షమాపక సంఘము పుట్టెను. గృహస్థులు తమ పెరటిలో వర్షమాపకము నుంచుకొని ప్రతి ఉదయమును అంకె పంపెదరు. ఆ అంకెలను ప్రభుత్వ శాస్త్రజ్ఞులును వాడుకొనుచున్నారు. మన రాష్ట్రమున ప్రభుత్వమువారి స్వయంచాలక వర్షమాపకములు మండలములందు గలవు. కాని కొండసీమలో ఒక మండలమున ఒక వంకకు ఈవల జల్లు, ఆవల జడివాన పడుట రైతులందఱెఱిగినదే గనుక, అవి చాలవని నా అభిప్రాయము.

హెచ్చరిక జారీ చేయు అధికారము వాతావరణశాఖదే, గేటు ఎత్తు బాధ్యత ప్రాజెక్టు ఇంజినీరుదే. అభిమాని వారికి బదులుగా నిలువరాదు. ఎఱ్ఱరంగు పటమొకటి చూపి రేపు ఊరు మునుగునని చాటువారు అభిమానులలోను లేకపోలేదు; అట్టివారివలన నష్టమే గాని లాభము లేదు. మెచ్చదగినవాడు కొలిచినదానిని కొలిచినట్లు చెప్పువాడు. సుండుపల్లెలో రాత్రి పదిగంటలకు ఎంత వాన పడినదో ఆ రాత్రియే నందలూరున తెలిసినచో, పశువుల పలుపులు విప్పుటకును, ముసలివారిని మిద్దె యెక్కించుటకును వ్యవధి దొరకును.

వర్షమాపకము పెద్ద ఖర్చు వస్తువు కాదు. నిలువుగా, పైనుండి క్రిందివఱకు ఒకే వెడల్పు గల పాత్ర యేదైనను చాలును. దానిని గోడకును చెట్టునకును దూరముగా, గాలికి దొరలకుండ, నేలపై చినుకు చిట్లి లోనికి పడనంత ఎత్తున నిలిపి, లోపలి నీటి లోతును మిల్లీమీటర్లలో స్కేలుతో కొలువవలెను. శాఖవారి దినము ఉదయము ఎనిమిదిన్నరకు మొదలై మఱునాటి ఎనిమిదిన్నరకు ముగియును గనుక, అభిమానియు ఆ వేళనే చదివి, వ్రాసికొని, పాత్రను బోర్లించుట మేలు. వాయుగుండము తీరమునకు వచ్చు దినములలో మాత్రము దినమున కొకసారి చదివిన చాలదు. 24 గంటల మొత్తము 150 మిల్లీమీటర్లని తెలిసినను, అది దినమంతయు ముసురుగా పడినదా, మూడు గంటలలో కుమ్మరించినదా అనునది ఆ యంకెలో కనబడదు. ఏరు ఉన్నట్టుండి పొంగునది ముఖ్యముగా రెండవ విధమునకే. కావున మూడు గంటల కొకసారి, రాత్రియందును, చదువవలెను. పీలేరు, రాయచోటి, సుండుపల్లె ప్రాంతములందు, చెయ్యేటికి నీరు దింపు వంకల మొదళ్లలో, అట్లు చదివి దిగువ వారికి తెలుపువారు ఇంకను ఎందఱో కావలయును.