తుప్పు పట్టిన డంబెల్సు

వ్యాయామం కోసం కొన్న డంబెల్సు, బరువు బిళ్ళలు, ఇనుప కడ్డీ చాలా ఇళ్ళలో కొన్నాళ్ళకు మంచం కిందికో, డాబా మీదికో చేరుతాయి. ఒక వానకాలం గడిచేసరికి వాటిమీద ఎర్రని పొడి కనిపిస్తుంది. వాటిని పాత ఇనుము కొనేవానికి ఇచ్చివేయవలసిందేనా? అక్కరలేదు. అయితే ఏది బాగుపడుతుందో, ఏది బాగుపడదో ముందుగా గ్రహించాలి.

తుప్పు పైనుంచి వచ్చి అంటిన మురికి కాదు. ఇనుమే పొందిన మరొక రూపం. తేమ ఉన్నచోట ఇనుము గాలిలోని ఆమ్లజనితో, అనగా ప్రాణవాయువుతో, కలిసి తుప్పుగా మారుతుంది. 56 గ్రాముల ఇనుము ఖర్చయితే సుమారు 89 గ్రాముల తుప్పు పుడుతుంది. ఇది గుల్లగా ఉండటంవలన లోపలి ఇనుమును కాపాడదు సరిగదా, తేమను పట్టి ఉంచుతుంది. చెమటలోని ఉప్పు ఈ చర్యను త్వరపరుస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాలలో గాలే ఉప్పును మోసుకువస్తుంది.

పైపై తుప్పును తీగ బ్రష్షుతోగాని గరుకు కాగితంతోగాని రుద్ది తీయవచ్చు. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి దానిని పొడిగా గీకరాదు, తడిపి రుద్దాలి. మొండి తుప్పు ఉన్న బిళ్ళలను ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టండి. అందులోని ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. కాని తుప్పు పోయిన తరువాత అదే ఆమ్లం ఇనుమునూ తింటుంది. రోజుల తరబడి ఉంచరాదు. వెనిగర్‌లో బ్లీచింగు పొడి ఎన్నడూ కలపకండి. విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. బయటికి తీసిన బిళ్ళలను వంటసోడా నీటితో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. ఒట్టి ఇనుము తడిగా ఉంటే కొద్దిసేపటిలోనే మళ్ళీ ఎర్రబారుతుంది. ఆరిన తరువాత తుప్పు నిరోధక పూత, దానిపైన ఎనామిల్ రంగు వేయాలి.

క్రోమియం పూతగల కడ్డీని ఆమ్లంలో ముంచకండి. అల్యూమినియపు రేకును ఉండగా నలిపి, నీటితో తడిపి రుద్దితే పైతుప్పు పోతుంది. గట్టి ఉక్కు స్ప్రింగులకూ ఆమ్లం పనికిరాదు. ఆమ్లచర్యలో పుట్టే ఉదజని ఉక్కులోకి చొరబడి దానిని పెళుసుగా చేయవచ్చు.

ఇక అసలు విషయం. బిళ్ళ బరువుగా ఉంటే చాలు. కడ్డీ ఆ బరువును మోయాలి. బిళ్ళమీద నాలుగు గుంటలు పడినా నష్టం లేదు. కడ్డీమీద గుంట పడితే, వంగినప్పుడల్లా ఒత్తిడి అక్కడే కేంద్రీకృతమై పగులు మొదలుకావచ్చు. తుప్పు తీసిన తరువాత గోటికి తగిలే గుంటలున్న కడ్డీని, పగిలిన అతుకును, సన్నబడిన గొలుసును, మరలు తినిపోయిన బోల్టును రంగువేసి దాచరాదు, మార్చివేయాలి. పడుకొని రొమ్ముమీదికి బరువు దించుకునే మనిషికి ఆ కడ్డీయే ఆధారం గదా!

బాగుచేసినవాటిని కాపాడుకోవడం తేలిక. వాడిన వెంటనే చెమట తుడవండి. రంగులేని ఇనుముకు కుట్టుమిషన్ నూనె పలుచగా పట్టించండి. చేతిపట్టు దగ్గర మాత్రం జారకుండా తుడిచివేయండి. తడినేలమీదగాక చెక్కపలక మీద ఉంచండి. రోజూ వాడే ఇనుమును రోజూ తుడుస్తాము. మూలబడిన ఇనుమునే తుప్పు తింటుంది.