కుందేటి చెవుల చిత్రకారిణి

అవుకు జలాశయపు గట్టుమీద సాయంవేళ నిలుచున్నవానికి, ఆవలి యొడ్డున పసులను తోలుకొనిపోవు కాపరి యదలింపు చెవి సోకదు. అయినను వాడు కఱ్ఱ యెత్తిన తీరును, ఆవు మెడ త్రిప్పిన తీరును జూచినంతనే అచట నడచుచున్న కథ యంతయు బోధపడును. పింగళి సూరన తన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణరాజునకు అంకితమిచ్చిన యీ సీమ వాక్కునకు పెద్దపీట వేసినదే. కాని ఆళ్లగడ్డ శిల్పుల ఉలిమ్రోతల నడుమ ఎవరి వాక్కు ఎవరికి వినబడును? అచట శిష్యుని కన్ను గురువు చేతిమీదనే యుండవలెను.

అమెరికా దేశపు చిత్రకారిణి సెసీ బెల్ బాల్యమంతయు ఇట్టి గట్టుమీదనే గడచినది. 1970లో జన్మించిన ఆమెకు నాలుగవ యేట మెదడుపొరల వాపు జ్వరము వచ్చి వినికిడి పోయినది. బడిలో ఆమె ఱొమ్మునకు ‘ఫోనిక్ ఇయర్’ అను యంత్రమును కట్టిరి. ఉపాధ్యాయిని మెడలో మైకు వేసికొనును. ఆ మైకు ఆపుట మఱచి ఉపాధ్యాయిని మఱుగుదొడ్డికి పోయినను ఆ సవ్వడులన్నియు ఈ పిల్ల చెవులలో పడుచుండెను. తక్కిన పిల్లలకు లేని యీ శక్తికి మురిసి, తన్ను తాను ‘ఎల్ డెఫో’ యను వీరనారిగా ఊహించుకొన్నది.

పెద్దదై చిత్రకళ నభ్యసించి, 2003లో తొలి పిల్లల పుస్తకమును ప్రకటించినది. తన చెవుల సంగతి మాత్రము పుస్తకమగుటకు మఱి పదునొకండేండ్లు పట్టినది. 2014లో ‘ఎల్ డెఫో’ పేరిటనే వెలువడిన ఆ బొమ్మల కథకు మఱుసటి యేట న్యూబెరీ గౌరవము దక్కినది. అందులో మనుష్యులందఱును కుందేళ్లే! నిక్కిన పొడవాటి చెవులు గల జాతిలో చెవులు పనిచేయని యొక్క పిల్ల యెట్లుండునో చెప్పుటకు ఇంతకంటె తేలికైన, ఇంతకంటె తీక్ష్ణమైన యుపాయము నాకు తోచదు.

అంతకు మించిన నేర్పు ఆమె మాటల బుడగలలో నున్నది. యంత్రపు బ్యాటరీ క్షీణించుకొలది బుడగలోని యక్షరములు వెలవెలబోవుచు, తుదకు బుడగ శూన్యమగును. ఎదుటివారి పెదవులు కదలుచునే యుండును. స్నేహితురాండ్రతో రాత్రి గడపబోయిన యింట దీపమార్పినంతనే పెదవులు కానరాక సంభాషణమే అంతరించును. చదువరి యైన పిల్లవాడు ఒక్క క్షణము తానే బధిరుడగును. పుటలు పుటలు వర్ణించినను రచయితకు సాధ్యము కాని యనుభవ మిది.

మన సతీశ్ గుజ్రాల్ కూడ బాల్యముననే వినికిడి గోల్పోయి, 1952లో మెక్సికో కేగి కుడ్యచిత్రకళ నేర్చినవాడే. ఆయన చిత్రములు పెద్దలకు. పిల్లలకైతే మనకు చందమామ యుండెను. శంకర్ గీసిన బేతాళుని విక్రమార్కుని భుజముపై జూచిన పసివానికి, పక్కన చదివి వినిపించువారు లేకున్నను భయమునకు కొఱత లేదు. ఆ భయమునకు చెవులతో పని యేమి?

అవుకు గట్టు దృశ్యమును నేనెప్పుడైన బొమ్మగా వేయింపవలసివచ్చినచో, కాపరి నోటి ప్రక్క నొక బుడగ పెట్టించి, అందొక్క యక్షరమైనను వ్రాయనీయను.