తరగతి గదికి లోపలి గడియ



ఉపకారవేతనాల సంచికలో తుపాకుల మాట ఎందుకని, అది అమెరికా బాధ కదా అని కొందరు అనుకోవచ్చు. 2023 ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా జిల్లాలో ఒక వ్యక్తి పిస్తోలుతో హైస్కూలు తరగతి గదిలోకి వచ్చి పిల్లలను బెదిరించాడు. మామూలు దుస్తుల్లో దగ్గరకు వెళ్లిన ఒక పోలీసు అధికారి అతన్ని పట్టుకున్నారు. పిల్లలకు ఏమీ కాలేదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో గుమాస్తాగా పనిచేశాను. మా క్యాషియర్ క్యాబిన్‌కు లోపలి గడియ, కాలికి అందేలా అలారం స్విచ్చి ఉండేవి. దొంగ వస్తే ఎవరేం చేయాలో ముందే చెప్పి ఉంచేవారు. అదే మన బడుల్లో చూడండి, చాలా గదులకు గొళ్లెం బయటి వైపే ఉంటుంది. అది సాయంత్రం బెంచీలను కాపాడడానికి పెట్టినదన్న మాట!

2012 డిసెంబరు 14న అమెరికాలోని శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు కాల్పుల్లో చనిపోయారు. తరువాత నియమించిన సంఘం అన్నిటికంటే ముఖ్యంగా కోరినది, తరగతి తలుపులకు లోపలి నుండి తాళం పడాలని. 2022 మే 24న టెక్సాస్‌లోని యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు బలయ్యారు. అక్కడ ఒక గది తాళం సరిగా పడదని ముందే తెలిసినా బాగుచేయించలేదు. పోలీసులు వచ్చి కూడా గంటకు పైగా దుండగుణ్ణి ఎదుర్కోలేదు. కనుక మొదటి నిమిషాల్లో ఆధారం తలుపు, టీచరు, ముందుగా చేసిన అభ్యాసం.

ఆ అభ్యాసం కష్టమైనదేమీ కాదు. బయటపడే దారి దగ్గరలో ఉంటే వెళ్లిపోవాలి. లేకపోతే గడియ వేసి, లైట్లు ఆర్పి, కిటికీలోంచి కనపడని గోడ వారగా చప్పుడు లేకుండా కూర్చోవాలి. ఎవరు తట్టినా పిల్లలు తలుపు తీయరాదు. చిన్న పిల్లలకు టీచరు మాట వినమని చెబితే చాలు. బొమ్మ తుపాకులతో నాటకమాడి భయపెట్టడం నాకు సమ్మతం కాదు.

ఒక చిక్కుంది. 2004 జులై 16న కుంభకోణం బడి మంటల్లో 94 మంది పిల్లలు పోయారు. నిప్పంటుకుంటే వెంటనే బయటకు రావాలి, ఆయుధంతో మనిషి వస్తే లోపలే దాగాలి. రెండింటికీ ఒకే గంట మోగితే ప్రమాదం. గంటలు వేరుగా ఉండాలి, గడియ తాళంచెవి లేకుండా పిల్లవాడి చేతికి తెరుచుకోవాలి. బడిలో ఈ సూచనలు తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీల్లో చెబుతారు. ఒకటి, రెండు తరగతుల వారికి ఇంట్లో తెలుగులో మరోసారి చెప్పండి.

తల్లిదండ్రులకు ఒక మాట. అటువంటి వార్త వింటే పిల్లలకు ఫోన్లు చేయవద్దు, దాగినచోట ఫోను మోగితే ముప్పు. గేటు దగ్గర గుమికూడవద్దు, పోలీసు వాహనాలకు దారి పోతుంది. పోలీసులను పిలవడానికి నెంబరు 112. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ప్రధానోపాధ్యాయులను లోపలి గడియ గురించి అడగండి. వడ్రంగికి అది ఒక పూట పని.