పక్కవారి నిద్రకూ హక్కుంది

కడప, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో చాలా ముస్లిం ఇళ్ళకు ఈ దృశ్యం కొత్త కాదు. రెండేళ్ళకోసారి ఇంటాయన గల్ఫ్ నుంచి సెలవు మీద వస్తాడు. పెట్టెలు విప్పడం, చుట్టాలు రావడం, దావతులు... పగలంతా సందడిగానే గడుస్తుంది. ఇబ్బంది రాత్రి పదింటికి మొదలవుతుంది. రెండేళ్ళుగా ఆ మంచం మీద తల్లి, ఇద్దరు పిల్లలు పడుకుంటున్నారు. గోడవైపు చిన్నవాడు, మధ్యలో తల్లి, ఇటు పెద్దపిల్ల. ఇప్పుడు అబ్బా ఎక్కడ పడుకోవాలి?

ఆయనకు కంపెనీ గదిలో బంకు మంచం మీద ఒంటరిగా పడుకోవడం అలవాటు. ఏసీ చప్పుడు లేనిదే నిద్ర పట్టదు. ఆమెకు ఫ్యాను గాలి నేరుగా తగిలితే మెడ పట్టేస్తుంది. ఆయన అర్ధరాత్రి దాకా మేలుకుంటాడు, ఆమె ఫజర్‌కు ముందే లేవాలి. పైగా గురక! సెలవే నలభై అయిదు రోజులు. అందులో మొదటి పదిహేను రోజులు ఇద్దరికీ కంటినిండా నిద్ర ఉండదు. నిద్రలేమి పగటిపూట చిరాకై బయటపడుతుంది. కోడలి మాటతీరు మారిందని అత్తగారంటారు. అల్లుడికి డబ్బు గర్వం వచ్చిందని ఆమె పుట్టింటివారంటారు. అసలు సంగతి మంచం దగ్గరుందని ఎవరికీ తోచదు. తోచినా నోరు విప్పి చెప్పరు. పడక విషయం మాట్లాడటం మనకు సిగ్గు కదా!

ఈ సిగ్గు మనం పెట్టుకున్నదే. దైవప్రవక్త (స) ఇంటి పడక ఎలా ఉండేదో ఆయన సతీమణులే ఉమ్మత్‌కు దాపరికం లేకుండా తెలియజేశారు. వారు చెప్పకపోతే మనకు తెలిసే దారే లేదు.

హజ్రత్ ఆయిషా (ర) గది చిన్నది. తర్వాతి తరానికి చెందిన హసన్ బస్రీ, కుర్రతనంలో తాను ప్రవక్త సతీమణుల గదుల్లోకి వెళ్ళినప్పుడు చెయ్యెత్తితే కప్పు అందేదని చెప్పారు. పరుపు తోలుతో కుట్టింది, లోపల ఖర్జూరపు పీచు. రాత్రివేళ ప్రవక్త (స) నమాజుకు నిలబడితే ఆయన ముందు, ఖిబ్లా వైపే, ఆయిషా (ర) కాళ్ళు చాపి పడుకుని ఉండేవారు. సజ్దా చేయబోతూ ఆయన ఆమె కాలిని తట్టేవారు. ఆమె కాళ్ళు ముడుచుకునేవారు. ఆయన తిరిగి లేచి నిలబడగానే మళ్ళీ చాపుకునేవారు. ఆ రోజుల్లో ఇళ్ళలో దీపాలు ఉండేవి కావని కూడా ఆమే చెప్పారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఈ ఉల్లేఖనం ఉంది.

ఈ హదీసు వినగానే ఫిఖహ్ పండితులు వుజూ సమస్యల్లోకి వెళ్తారు. అది వారి పని. మనం కాసేపు ఆ చీకటి గదిలోనే ఆగుదాం. నేను దైవారాధన చేస్తుంటే నువ్వు కాళ్ళు చాపుకుని పడుకుంటావా అని ఆయన అనలేదు. ఆమెను లేపి మూలకు వెళ్ళమనలేదు. ఒక్క చేతి తాకిడితో ఇద్దరికీ చోటు సరిపోయింది. తహజ్జుద్ అంతా అయ్యాక, విత్ర్ వేళకు మాత్రం ఆమెను లేపేవారు. అంటే ఆమె నిద్ర ఎంతవరకు, ఆరాధన ఎక్కడి నుంచి అన్నది ఇద్దరికీ తెలిసిన ఏర్పాటే.

మరో రాత్రి సంగతి ముస్లిం గ్రంథంలో ఉంది. ఆయిషా (ర) నిద్రపోయారనుకుని ప్రవక్త (స) మెల్లగా పైవస్త్రం తీసుకున్నారు, మెల్లగా చెప్పులు తొడుక్కున్నారు, మెల్లగా తలుపు తీసి బయటికి వెళ్ళి చప్పుడు కాకుండా మూశారు. బఖీ శ్మశానంలో ఉన్నవారి కోసం దుఆ చేయడానికి ఆ ప్రయాణం. నిజానికి ఆమె మేలుకునే ఉన్నారు, వెనకాలే వెళ్ళారు కూడా. తర్వాత ఆయన కారణం చెప్పారు: నువ్వు పడుకున్నావనుకున్నాను, లేపడం ఇష్టం లేకపోయింది, ఒంటరితనానికి భయపడతావేమోనని కూడా అనిపించింది అని. అర్ధరాత్రి లైటు వేసి, బీరువా తలుపు దభాలున మూసి, ఫోను చార్జరు ఎక్కడుందని నిద్రపోతున్న మనిషినే అడిగే మగవారు ఈ హదీసును ఒకసారి చదువుకోవాలి. రాత్రి లేచి భార్యను లేపి, లేవకపోతే ముఖాన నీళ్ళు చిలకరించే భర్త గురించిన హదీసు మాత్రం వీరికి బాగా గుర్తుంటుంది. అదే హదీసులో భర్తను అలాగే లేపే భార్య ప్రస్తావన కూడా ఉంది. అందులో ఉన్నది చిలకరించడమే, చెంబెడు కుమ్మరించడం కాదు.

ఇక వేరు పడక మాట. మన ఇళ్ళల్లో భార్యాభర్తలు ఒక్క రాత్రి విడిగా పడుకుంటే చాలు, గొడవపడ్డారా అని గుసగుసలు మొదలవుతాయి. దానికి కారణం లేకపోలేదు. నిసా సూరాలో దంపతుల మధ్య వైరం వచ్చినప్పటి చర్యల్లో పడక దూరం పెట్టడం ఒకటిగా పేర్కొనబడింది. అంచేత వేరు పడకంటే శిక్షే అన్న భావం స్థిరపడిపోయింది. కానీ జాబిర్ (ర) ఉల్లేఖించిన మరో హదీసు ప్రకారం ప్రవక్త (స) మగవానికి ఒక పడక, భార్యకు ఒకటి, అతిథికి ఒకటి అని లెక్క చెప్పి, నాలుగోది షైతానుకు అన్నారు. ఆడంబరం వద్దన్నది ఇందులోని మాట. క్రీ.శ. 1277లో మరణించిన ఇమామ్ నవవీ దీన్ని వివరిస్తూ, జబ్బు వంటి అవసరాలుంటాయి కనుక భార్యకు వేరే పడక ఉంచడంలో తప్పు లేదన్నారు. అలాగని భార్య దగ్గర పడుకోనక్కర్లేదని దీన్నుంచి వాదించడం చెల్లదనీ, ఏ ఇబ్బందీ లేనప్పుడు కలిసి పడుకోవడమే ఉత్తమమనీ, ప్రవక్త (స) అలవాటు అదేననీ కూడా రాశారు. రెండు వైపులా తలుపు తెరిచిన మాట ఇది.

బహిష్టు రోజుల్లో స్త్రీకి వేరే చాప వేసే ఆచారం ఎక్కడైనా ఉంటే దానికి మన ధర్మంలో ఆధారం లేదు. ఉమ్మె సలమా (ర) ప్రవక్త (స)తో ఒకే దుప్పటి కింద ఉండగా బహిష్టు వచ్చింది. ఆమె చప్పుడు చేయకుండా జారుకుని బట్టలు మార్చుకున్నారు. ఆయన సంగతి గ్రహించి, తిరిగి పిలిచి అదే దుప్పటి కిందికి చేర్చుకున్నారు. ఆ రోజుల్లో నిషిద్ధమైంది సంభోగమే తప్ప సాన్నిహిత్యం కాదు.

గురక సంగతి కాస్త విడిగా చెప్పుకోవాలి. గురక పెట్టేవారికి తాము గురక పెడుతున్నట్టు తెలియదు. పక్కన పడుకున్నవారే మొదటి సాక్షి. వెల్లకిలా పడుకుంటే గురక పెరుగుతుంది, పక్కకు తిరిగితే చాలామందికి తగ్గుతుంది. కుడివైపు తిరిగి పడుకోవడం సున్నత్ అని తెలిసినవారికి ఇది కష్టం కాదు. ఒళ్ళు పెరిగేకొద్దీ గురకా పెరుగుతుంది. అయితే గురక మధ్యలో ఊపిరి పది సెకన్లో అంతకన్నా ఎక్కువో ఆగి, మనిషి ఉలిక్కిపడి మళ్ళీ పీల్చుకుంటుంటే అది నవ్వులాట కాదు. స్లీప్ ఆప్నియా అనే జబ్బు కావచ్చు. దానివల్ల రక్తపోటు పెరుగుతుంది, పగలు స్టీరింగు ముందు కునుకు పడుతుంది. గల్ఫ్‌లో డ్రైవరు పని చేసేవారికి ఇది ప్రాణం మీదికి తెచ్చే విషయం. చికిత్స ఉంది. బంకు మంచం మీద రెండేళ్ళుగా ఎవరూ గమనించనిదాన్ని ఇంటి ఇల్లాలు నాలుగు రాత్రుల్లో పసిగడుతుంది. ఆమె సిగ్గుపడి చెప్పకపోతే ఆయన అలాగే తిరుగు విమానం ఎక్కేస్తాడు.

పరుపు దగ్గరా ఓ మెలిక ఉంది. పాత దూది పరుపు నడుమ గుంటపడితే బరువైన మనిషి వైపు రెండోవారు రాత్రంతా దొర్లుతూనే ఉంటారు. ఊరూరా తిరిగి పరుపుల్లోని దూది ఏకి మళ్ళీ కుట్టిచ్చిన దూదేకుల సోదరులు మనవాళ్ళే. ఇప్పుడు ఆ పని చేసేవారు తగ్గినా, దొరికినచోట ఏకించుకోవడం కొత్త పరుపు కొనడం కన్నా చవక. చంటిబిడ్డ ఉంటే మాత్రం మెత్తటి పరుపు మీద ఇద్దరి మధ్య పడుకోబెట్టడం ప్రమాదం. తల్లి చేతికందేంత దగ్గరలో, గట్టి పక్క మీద విడిగా, వెల్లకిలా పడుకోబెట్టాలని వైద్యులు చెబుతారు.

మేమెరిగిన ఒక ఇంట్లో ఆయన వచ్చిన అయిదో రోజున ఆమే మాట కదిపింది. “ఏమండీ, మీకు నిద్ర లేదు, నాకూ లేదు. ఒకసారి చూద్దాం” అంది. ఆయన మొదట చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకున్నారు. ఫ్యాను కింద ఆయన, కిటికీ పక్క ఆమె. దుప్పటి ఒకటి కాదు, రెండు. ఇషా తర్వాత ఫోను మాటలు వరండాలోనే. పదేళ్ళు వచ్చేసరికి పిల్లల పడకలు వేరు చేయాలన్న హదీసు పెద్దపిల్లకు ఎలాగూ దగ్గరపడింది, ఆమెకు నానమ్మ గదిలో చోటు చేశారు. మిగిలింది చిన్నవాడు. ఈ మనిషెవరు, నా చోట్లో పడుకున్నాడని వాడు మూడు రాత్రులు ఏడ్చాడు. ఆయన కోప్పడలేదు. నాలుగో రాత్రి వాణ్ణి మధ్యలోనే పడుకోనిచ్చి, నిద్రపోయాక ఎత్తి పక్కనున్న నులక మంచం మీద వేశాడు. అలా వారం గడిచింది. తిరుగు ప్రయాణం దగ్గరపడేసరికి, ఇషా అయ్యాక వాడే తన దిండు చంకన పెట్టుకుని నులక మంచం దగ్గరికి వెళ్ళి, “అబ్బా, నువ్వు ఇటువైపు తిరిగి పడుకో, నాకు కనబడాలి” అన్నాడు.